టెన్షన్ పెట్టుకోవద్దప్పా, అదే తగ్గిపోతాది!

సోరియాసిస్ ఉన్నవాళ్ళకి ఈ లోకం ఫ్రీగా పంచిపెట్టే మందు ఒకటుంది. ఆదోనిలో మెడికల్ షాపాయన ఇస్తాడు. ఎమ్మిగనూరులో పెళ్ళిభోజనాల దగ్గర పక్క విస్తరి పెద్దాయన ఇస్తాడు. బెంగళూరులో అయితే హెచ్చార్ వాళ్ళు జూమ్ మీటింగు పెట్టి, పిలిచి మరీ ఇస్తారు. "టెన్షన్ పెట్టుకోవద్దప్పా, అదే తగ్గిపోతాది." డోసు ఎంతో చెప్పరు. ఎన్నాళ్ళు వాడాలో చెప్పరు. ఎక్స్‌పైరీ డేటు అసలే లేదు. తగ్గకపోతే మాత్రం తప్పు మందుది కాదు, మనది. "నువ్వు ఊరికే ఆలోచన చేస్తావు, అందుకే తగ్గల్లేదు" అని తేల్చేసి పెరుగన్నంలోకి దిగిపోతారు.

ఇంజనీరింగ్ రోజుల నుంచీ ఈ జబ్బు నాతోనే ఉంది కాబట్టి ఈ మందు నాకు కొన్ని వందల డోసులు పడి ఉంటుంది. అయితే ఇది నా గోడు చెప్పుకోడానికి రాస్తున్నది కాదు. ఆ సలహా తప్పు, పైగా హాని చేసే తప్పు అని వాదించడానికి రాస్తున్నా. నా అభియోగం ఒక్క వాక్యంలో: "ఒత్తిడి తగ్గించుకో" అని చెప్పేవాళ్ళలో సగం మంది ఆ ఒత్తిడి పెట్టేవాళ్ళే.

ముందు ఎదుటిపక్షానికి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. ఒత్తిడికీ ఈ జబ్బుకీ సంబంధం లేదని నేననట్లేదు. ఉంది. సోరియాసిస్ అంటే ఒంటికి పట్టిన మురికి కాదు, రక్తం చెడిపోవడమూ కాదు. మన రోగనిరోధక వ్యవస్థే లేని శత్రువుని ఉన్నట్టు అనుకుని మన చర్మం మీద యుద్ధానికి దిగడం. మామూలుగా ఒక చర్మకణం కింది పొరలో పుట్టి, పైకొచ్చి, రాలిపోడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట అదే ప్రయాణం మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. పాతవి రాలకముందే కొత్తవి వచ్చి మీద పడతాయి. ఎర్రటి మచ్చ, దాని మీద వెండిరంగు పొలుసులు, అలా వచ్చినవే. పునాది జన్యువుల్లో ఉంటుంది. ఆ పునాది ఉన్నవాళ్ళలో జబ్బుని నిద్రలేపేవి చాలా ఉన్నాయి: గొంతు ఇన్ఫెక్షను, చర్మానికి దెబ్బ, తాగుడు, సిగరెట్టు, కొన్ని రకాల బీపీ మాత్రలు, చలికాలపు పొడిగాలి. ఆ వరసలో మానసిక ఒత్తిడి కూడా ఉంది. అది మంటని ఊదుతుంది, ఒప్పుకుంటా. కట్టెలు పేర్చింది మాత్రం అది కాదు.

దీని మీద అందరూ చెప్పుకునే పరిశోధన ఒకటుంది. 1998లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ బృందం 37 మంది సోరియాసిస్ రోగుల మీద చేసింది. కొందరికి ధ్యానం చెయ్యమని చెప్పే టేపు వినిపించారు, కొందరికి లేదు. విన్నవాళ్ళకి మచ్చలు త్వరగా మాయమయ్యాయి. ఇది చూపించి "చూశావా, మెడిటేషన్ చాలు!" అంటారు. బాబూ, కాస్త ఆగండి. వాళ్ళు ఎక్కడ నిలబడి టేపు విన్నారు? అతినీలలోహిత కిరణాలతో చికిత్స చేసే లైట్ పెట్టెలో నిలబడి విన్నారు! అంటే చికిత్స అందరికీ జరుగుతోంది. ధ్యానం దానికి తోడయింది. అన్నంలో పప్పు కలిపితే రుచి అన్నమాట నిజమే. అన్నం తీసేసి ఉత్త గరిటె నాకమంటే ఎట్లా?

మనం సాఫ్ట్‌వేర్ జనం కాబట్టి మన భాషలోనే చెప్తా. సర్వర్ కుంటుతోంది. సీపీయూ నూటికి నూరు కొడుతోంది. మీరేం చేస్తారు? రాక్ దగ్గరికెళ్ళి "టెన్షన్ పడకు నాయనా" అని తట్టి వస్తారా? లాగ్ తెరిచి ఆ రిక్వెస్టులన్నీ ఎక్కణ్ణుంచి వచ్చి పడుతున్నాయో చూస్తారు. మరి మనిషి విషయంలో ఆ పాటి పని ఎందుకు చెయ్యరు? సరే, ఇవాళ ఆ లాగ్ నేనే తెరుస్తా.

మొదటి పద్దు మా ఊళ్ళది. ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఏప్రిల్, మే నెలల్లో బయటికెళ్ళి చూడండి. ఎండ 40 డిగ్రీలు దాటి మాడు పగిలిపోతుంటుంది. ఆ ఎండలో మెడదాకా గుండీలు పెట్టుకుని, ఫుల్ చేతుల చొక్కా మణికట్టు దాకా దించుకుని నడిచే కుర్రాడు కనిపిస్తే వాడికి ఫ్యాషనని అనుకోకండి. మోచేతుల మీద ఏదో దాస్తున్నాడేమో! ఇందులో ఉన్న విడ్డూరం వినండి. ఆసుపత్రిలో డబ్బు కట్టి పెట్టించుకునే లైట్ ట్రీట్‌మెంటులో వాడేది అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం. అవి ఎండలో కూడా ఉంటాయి. చాలామంది సోరియాసిస్ రోగులకి, డాక్టరు చెప్పిన కొలతలో, పొద్దుటి ఎండ మేలు చేస్తుంది. (కొద్దిమందికి పడదు, మితిమీరితే అందరికీ చెరుపే. అది వేరే సంగతి.) కరువు సీమ అని పేరే గానీ ఎండకి మాత్రం మాకు కరువు లేదు. దేవుడు ఆకాశంలో ఉచితంగా పెట్టిన చికిత్స అది. దాన్ని ఒంటికి తగలనీకుండా చేసింది జబ్బు కాదు, జనం చూపులు.

ఆ చూపుల వెనకాల ఉండేది ఒక్కటే భయం: అంటుకుంటుందేమో. మంగలి షాపులో మన మెడమీద వేసిన టవలు పక్కన పడేస్తారు. బస్సులో పక్క సీటాయన లేచి వెనక్కి పోతాడు. సంక్రాంతి అయ్యాక ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతరకి చుట్టాలందరూ చేరతారా, ఎవరో ఒక అత్త మన చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఇదేంది అబ్బీ, గజ్జా?" అని నలుగురికీ వినపడేట్టు అడుగుతుంది. ఇంకో పెద్దావిడ "వీళ్ళ ఇంట్లో ఎవరో పామును కొట్టినారంట" అని సర్పదోషం దాకా పోతుంది. ఇంకొకాయన వంకాయ మానమంటాడు. ఇంకొకాయన చేపలూ పెరుగూ కలిపి తిన్నావా అంటాడు. అన్నీ అయ్యాక అందరూ కలిసి, ఏకకంఠంతో: "టెన్షన్ పెట్టుకోవద్దప్పా!"

సోరియాసిస్ అంటుకోదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, టవలు పంచుకుంటే రాదు. ఇది కుష్టు కాదని 1841లోనే వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా అనే డాక్టరు రెండింటినీ విడదీసి చెప్పాడు. 180 ఏళ్ళు దాటాయి. ఆ కబురు గుంతకల్లు జంక్షను దాటి మా వైపు ఇంకా రాలేదు! ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. "ఇది కుష్టు కాదులే" అని మమ్మల్ని మేం వెనకేసుకొచ్చి, కుష్టు ఉన్నవాళ్ళని అవతలికి నెట్టేస్తే అది ఇంకా పెద్ద అన్యాయం. కుష్టుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే బహుళ ఔషధ చికిత్స చెప్పింది. మాత్రలతో నయమైపోతుంది. అయినా మన చట్టాల్లో కుష్టు ఉందన్న కారణంతో విడాకులు అడగొచ్చన్న క్లాజు 2019 దాకా ఉండేది. ఆ ఏడాది సవరణతో గానీ పోలేదు. రోగం నయమయ్యేదని తేలిన 38 ఏళ్ళకి చట్టం మారింది. మరి మనుషులు మారడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

"ఎవరో ఒకరిద్దరి సంగతి, దీనికింత గొడవెందుకు" అనేవాళ్ళకి చిన్న లెక్క. మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో సోరియాసిస్ 0.44 శాతం నుంచి 2.8 శాతం దాకా కనిపించింది. 2011 జనాభా లెక్కల్లో ఆదోని 1,60,000 పైన, ఎమ్మిగనూరు 90,000 పైన. రెండూ కలిపి రెండున్నర లక్షలు అనుకుందాం. తక్కువ అంకె తీసుకున్నా 1,100 మంది. ఎక్కువ అంకె తీసుకుంటే 7,000 మంది. ఇది నా కాగితం మీద లెక్కే తప్ప ఎవరూ ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే కాదు. అయినా ఈ రెండు ఊళ్ళలో మీకు తెలిసిన సోరియాసిస్ మనుషులు ఎంతమంది? ఇద్దరా? ముగ్గురా? మిగతా వాళ్ళంతా ఎక్కడున్నారు? ఫుల్ చేతుల చొక్కాల్లో ఉన్నారు.

లాగ్‌లో రెండో పద్దు పెళ్ళి. మా వైపు సంబంధాలన్నీ ఈ రెండు ఊళ్ళు, పక్కన బళ్ళారి, రాయచూరు, ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. ఒక ఇంట్లో తుమ్మితే మూడు ఊళ్ళలో వినిపిస్తుంది. అందుకని తల్లిదండ్రులు మొదట నేర్పేది చికిత్స కాదు, దాచడం. "పెళ్ళయ్యేదాకా ఎవరికీ చెప్పద్దు." మగపిల్లాడికైతే సాఫ్ట్‌వేర్ జీతం కాస్త పరదా వేస్తుంది. ఆడపిల్లకి ఆ పరదా కూడా లేదు. ఆమెకి మచ్చ ఉంటే ఆమెకొక్కదానికే కాదు, చెల్లెలి సంబంధం కూడా పోతుందంటారు. జీవితాంతం ఉండే జబ్బుని దాచి పెళ్ళి చేస్తే ఏమవుతుంది? మొదటి రోజునుంచీ ఆ పిల్ల దొంగలా బతకాలి. ఆయింట్‌మెంటు బీరువాలో చీరల కింద పెట్టుకోవాలి. ఇన్ని తాళాలు వేసి, ఆ పైన "నువ్వు ప్రశాంతంగా ఉండమ్మా" అంటారు. ఎక్కణ్ణుంచి వస్తుందండీ ప్రశాంతత?

చెప్పి చేసుకున్న పెళ్ళిళ్ళు లేవా? ఉన్నాయి. ముందే చెబితే కొన్ని సంబంధాలు తప్పిపోతాయి, నిజమే. తప్పిపోయిన సంబంధం ఒకరోజు బాధ. దాచిపెట్టిన సంబంధం రోజూ బాధ. 2023 జనవరిలో నటి మమతా మోహన్‌దాస్ తనకి బొల్లి వచ్చిందని తనే ఫొటోలు పెట్టి చెప్పేసింది. 2007లో వచ్చిన యమదొంగలో చూశారుగా, ఆవిడే. బొల్లి కూడా సోరియాసిస్ లాగే రోగనిరోధక వ్యవస్థ దారితప్పడం వల్ల వచ్చేదే, అదీ అంటుకోదు. అందరూ ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నా. కానీ ఒక చర్మవ్యాధి ఉందని చెప్పడానికి ధైర్యం ఎందుకు కావాలి? షుగరు ఉందని చెప్పడానికి ఎవరికైనా ధైర్యం కావాల్సి వస్తోందా?

మూడో పద్దు మందుల అంగడి. బస్టాండు గోడ చూడండి, రైల్వే స్టేషను దారిలో కరెంటు స్తంభాలు చూడండి. "బొల్లి, సోరియాసిస్, గజ్జి, తామర.. గ్యారంటీగా నయం." బొల్లి నయం చేస్తామని ప్రకటన వెయ్యడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం షెడ్యూల్లో బొల్లి పేరు ఉంది. 70 ఏళ్ళు దాటిన చట్టం కళ్ళెదుటే గోడమీద పోస్టరేసి మరీ వెక్కిరింపబడుతోంది. ఇక మెడికల్ షాపులో ట్యూబులు. స్టెరాయిడ్ క్రీముల్లో 14 రకాలని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. చీటీ అడిగిన షాపు మీకెన్నిసార్లు తగిలింది?

స్టెరాయిడ్ విషం అని నేననట్లేదు. చర్మ డాక్టరు చెప్పిన బలంలో, చెప్పినన్నాళ్ళు, చెప్పినచోట వాడితే అది మంచి మందే. సొంతంగా నెలల తరబడి పూస్తే చర్మం పల్చబడిపోతుంది. నాటుమందు పొడుల్లో, గుళికల్లో గుట్టుగా స్టెరాయిడ్ కలిపి ఇచ్చే మహానుభావులున్నారు. వారంలో మచ్చలు మాయం! "చూశావా, ఇంగ్లీషు మందు పదేళ్ళలో చెయ్యలేనిది.." అంటారు. మానెయ్యగానే జబ్బు రెట్టింపు కోపంతో తిరిగొస్తుంది. ఒక్కోసారి ఒళ్ళంతా చీముపొక్కులు లేచి ఆసుపత్రిలో చేరాల్సినంత ప్రమాదం. అప్పుడు ఆ మహానుభావుడు ఏమంటాడో ఊహించండి. "పథ్యం చేసుండవు. టెన్షన్ ఎక్కువైంటాది."

జనం అటు ఎందుకు పోతారంటే అజ్ఞానం ఒక్కటే కారణం కాదు. దూరం కూడా. ప్రభుత్వ పెద్దాసుపత్రి అంటే కర్నూలు. ఆదోని నుంచి సుమారు 100 కిలోమీటర్లు. పోను రాను ఒక రోజు, ఒక రోజు కూలి. ఆదోనికి మెడికల్ కాలేజీ అని 2021లో శంకుస్థాపన చేశారు. 2025లో దాన్ని పీపీపీ పద్ధతిలో పెడతామన్నారు. ఎవరు కడతారు, ఎవరి పేరు పెడతారు అన్న రాజకీయం నాకొద్దు. అక్కడ చర్మ విభాగం, లైట్ ట్రీట్‌మెంట్ పెట్టె, బయాప్సీ చూసేవాళ్ళు ఉండాలి. నాక్కావాల్సింది అదీ. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుంటే నేనేమీ అనను, మా ఇంట్లోనూ మొక్కుతారు. మొక్కు ఒక చేత్తో, మందు ఒక చేత్తో ఉంటే ఏ దేవుడూ అలగడు.

ఇక్కడ ఒక్క నిమిషం మన ఐటీ ప్రపంచం పక్కన పెట్టండి. కోసిగి, కౌతాళం వైపు నుంచి ఏటా వేల కుటుంబాలు సుగ్గికి పోతాయి. అంటే గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి వలస. అరిచేతుల సోరియాసిస్ ఉన్న ఒక ఆడమనిషి ఆ గుంపులో ఉందనుకోండి. చర్మం పగుళ్ళిచ్చి నెత్తురు కారే చేతులతో రోజంతా మిరపకాయ తుంచాలి. ఆమెకి "స్ట్రెస్ మేనేజ్‌మెంట్" ఎవరు చెప్తారు, ఏమని చెప్తారు? ఎమ్మిగనూరులో మగ్గం గుంతలో కూర్చుని నేసే ఆయనని తీసుకోండి. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరది. రాపిడి తగిలే చోట కొత్త మచ్చ లేవడం సోరియాసిస్ లక్షణం. 1872లో కోబ్నర్ అనే డాక్టరు గమనించి చెప్పాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మగ్గం మీద రాపిడి లేకుండా నేత లేదు. ఆ ఇద్దరికీ కావాల్సింది గాఢంగా ఊపిరి పీల్చుకోమనే సలహా కాదు. చేతికి తొడుగు, మందుకి డబ్బులు, ఆసుపత్రికి పోయిన రోజు కూలి. ఒత్తిడిని రోగి మనసులో వెతికేవాళ్ళకి ఈ మూడూ కనపడవు.

ఇక నాలుగో పద్దు. మన ఆఫీసు. ఇక్కడ నేనెవరినీ పేరు పెట్టి అనదల్చుకోలేదు, ఎందుకంటే ఏ కంపెనీలో అయినా ఇంచుమించు ఇదే తంతు. జూన్ 21న యోగా డే, అక్టోబరులో మానసిక ఆరోగ్య వారం, వెబినార్, చివర ఫీడ్‌బ్యాక్ ఫారం. "మీ ఒత్తిడిని మీరే జయించండి" అని స్లైడు. ఆ స్లైడు చూపించిన సాయంత్రమే శుక్రవారం రాత్రి రిలీజు, శనివారం ఆన్-కాల్. లైట్ ట్రీట్‌మెంటుకి వారానికి రెండు మూడుసార్లు, కొన్ని నెలలపాటు పోవాలి. ఆసుపత్రిలో ఆ పెట్టె పనిచేసేది కూడా ఆఫీసు వేళల్లోనే. "వారానికి రెండు రోజులు గంటన్నర ఆలస్యంగా వస్తాను" అని అడిగి చూడండి. యోగాకి చాప ఇచ్చినంత తేలిగ్గా ఆ గంటన్నర ఇవ్వరు. కంపెనీ ఇన్సూరెన్స్ ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తుంది. సోరియాసిస్ ఏమో బయటి రోగిగా ఏళ్ళ తరబడి నడిచే జబ్బు. ఇప్పుడు ఇంటర్‌ల్యూకిన్-17, 23 లాంటి వాటిని సూటిగా అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. చాలామందికి చర్మం దాదాపు శుభ్రమైపోతోంది కూడా. వాటి ఖర్చు చూస్తే మాత్రం ఈఎంఐలు కట్టుకునే వాడికి గుండె జారుతుంది. ఇన్ని ఉండగా మనకి చెప్పేది: కళ్ళు మూసుకోండి, సముద్రాన్ని ఊహించుకోండి.

ఇంకో సంగతి మన జనం తప్పక తెలుసుకోవాలి. సోరియాసిస్ ఉన్నవాళ్ళలో మూడో వంతు దాకా కీళ్ళ జబ్బు కూడా వస్తుంది. వేళ్ళు సాసేజీల్లా.. సరే, మన భాషలో చెప్పాలంటే దొండపండ్లలా ఉబ్బుతాయి. పొద్దున లేవగానే అరగంటసేపు పిడికిలి మూసుకోదు. కీబోర్డు మీద బతికేవాళ్ళం మనం. "అదేదో చర్మం సంగతిలే" అని ఊరుకుంటే కీలు శాశ్వతంగా పాడైపోవచ్చు. వేళ్ళు, మడమలు, నడుము నొప్పి పెడుతుంటే చర్మ డాక్టరుకి ఆ మాట కూడా చెప్పండి.

ఇప్పుడు రెండు అభ్యంతరాలకి జవాబు చెప్పి ముగిస్తా.

"మేం మంచి మనసుతోనే చెప్పాం కదా, దానికీ తప్పు పడతావా?" మనసు మంచిదే, కాదనను. కానీ ఆ మాట చేసే పని చూడండి. జబ్బు పెరిగిన ప్రతిసారీ రోగి తనని తానే బోనులో నిలబెట్టుకుంటాడు. "నేను ఎక్కువ ఆలోచించాను కాబట్టే పెరిగింది." మచ్చ గురించి ఒక దిగులు, దిగులు పడుతున్నందుకు ఇంకో దిగులు. చక్రవడ్డీ అన్నమాట! ప్రపంచ ఆరోగ్య సభ 2014లో సోరియాసిస్ మీద తీర్మానం చేసింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. రోగులు అనవసరంగా బాధపడటానికి అందులో చెప్పిన కారణాలు ఇవీ: జబ్బుని తప్పుగానో ఆలస్యంగానో గుర్తించడం, సరైన చికిత్స లేకపోవడం, వైద్యం అందుబాటులో లేకపోవడం, సమాజం వేసే వెలి. నాలుగూ రోగి బయట ఉన్నవే. "రోగి ఊరికే ఆలోచించడం" అనేది ఆ జాబితాలో నాకు కనపళ్ళేదు.

"ప్రాణం తీసే జబ్బు కాదు కదా, సర్దుకుపోవచ్చు కదా?" చర్మం మీద పొలుసు ప్రాణం తియ్యకపోవచ్చు. సోరియాసిస్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మిగతావాళ్ళకంటే ఎక్కువ, చనిపోవాలన్న ఆలోచనలూ ఎక్కువ. దాన్నిబట్టి చూస్తే "సర్దుకుపో" అన్నది చిన్న మాటేం కాదు. అలాంటి ఆలోచన వస్తుంటే దాచుకోకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ-మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. చూడండి, మనసుకి సాయం తీసుకోవడాన్ని నేనెక్కడా కాదనట్లేదు. దాన్ని రోగి మీద నేరారోపణగా మార్చడాన్ని కాదంటున్నా.

కాబట్టి ఈ జబ్బు ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, తోటి రోగిగా నా మాట. ముందు చర్మ డాక్టరు, తర్వాతే మిగతావన్నీ. నయమైపోతుందన్న గ్యారంటీ ఎవరిచ్చినా నమ్మకండి, ఎందుకంటే దీన్ని పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. అదుపులో పెట్టే మందులు మాత్రం చాలా ఉన్నాయి. మెథోట్రెక్సేట్ రాసిస్తే అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు అని గుర్తుంచుకోండి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. రక్తపరీక్షలు ఎగ్గొట్టకండి, మందు కొట్టకండి. స్నానం అవగానే తడి ఆరకముందే మాయిశ్చరైజరో, కొబ్బరినూనో, వాజిలీనో ఏదో ఒకటి రాయండి. గోళ్ళు కత్తిరించుకోండి. నవ పుడితే గీరకుండా చల్లటి తడిగుడ్డ వెయ్యండి. ఆ తర్వాత నడకా, నిద్రా, ధ్యానమూ, మీకు నచ్చిన పాటలూ.. అన్నీ చెయ్యండి. మచ్చ తగ్గాలని కాదు, మీకు బాగుంటుందని చెయ్యండి. చేసినా ఒకరోజు జబ్బు పెరిగిందా? అది మీ తప్పు కాదు. వాతావరణం మారితే వాన పడ్డట్టే. గొడుగు వెతుక్కోవాలి గానీ మబ్బుకి క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు.

జబ్బు లేని అన్నలకీ అక్కలకీ, చుట్టాలకీ మేనేజర్లకీ ఇంకో మాట. ఈసారి మచ్చ కనపడితే "టెన్షన్ పడకు" అనే మాట నాలుక చివరికి వస్తుంది కదా, అక్కడే ఆపండి. దాని బదులు చెయ్యదగ్గవి నాలుగు. చెయ్యి చాపి మామూలుగా షేక్‌హ్యాండ్ ఇవ్వండి. జబ్బు గురించి నలుగురిలో అడక్కండి, అతను చెప్పాలనుకుంటే వినండి. మీ టీములో వాడైతే లైట్ ట్రీట్‌మెంటుకి ఆ గంటన్నర ఇవ్వండి, దాన్ని అప్రైజల్‌లో గుర్తుపెట్టుకోకండి. మీ ఇంట్లో పెళ్ళి సంబంధం వస్తే, మచ్చ ఉందని ముందే చెప్పిన వాళ్ళని నిజాయితీపరులని గౌరవించండి.

ఈ నాలుగూ చెయ్యడానికి డబ్బు పెద్దగా కాదు, డాక్టరు చీటీ అసలే అక్కర్లేదు. ఇవి మీరు చేసిపెడితే ఎంత ఒత్తిడి తగ్గాలో అంత దానంతటదే తగ్గుతుంది. మిగిలిన కాస్తా మేం చూసుకుంటాం. ఆ మాత్రం చేతకాని వాళ్ళమేం కాదు, ఇన్నేళ్ళు మండుటెండలో ఫుల్ చేతుల చొక్కాలు తొడుక్కుని తిరిగినవాళ్ళం కదా!